కిల్లీ చేప బయటికి రావట్లేదా? చిన్న ట్యాంకులో దాని బెరుకు, దానికి సరిపడే తోడు

మీరు రాసిన వివరాలు ముందు ఒకసారి చెప్పుకుంటాను, చదివే మిగతావాళ్లకూ విషయం తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఫ్లాటు. హాల్లో అడుగున్నర ట్యాంకు. పది రోజుల కిందట ఒక జత గార్డ్‌నేరి కిల్లీలు తెచ్చారు. అప్పటికే అందులో నాలుగు గప్పీలు, ఒక మగ బెట్టా ఉన్నాయి. అడుగున తెల్ల గులకరాళ్లు, రెండు ప్లాస్టిక్ మొక్కలు, పైన మోటారుతో నడిచే టాప్ ఫిల్టరు. కిల్లీలు రోజంతా ఫిల్టరు పైపు వెనకే ఉంటున్నాయి. లైటు ఆపాక కాస్త తిరుగుతున్నాయి. పెల్లెట్లు ముట్టడం లేదు. మగది ఆడదాన్ని తరుముతోంది. షాపతను "ఇంకో నాలుగైదు చేపలు వేయండి, బెరుకు అదే పోతుంది" అన్నాడు. ఏ చేపలు వేయాలి, రొయ్యలు వేయొచ్చా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. ఇప్పుడు ఏ చేపా వేయకండి. బెట్టాను ఈరోజే వేరే తొట్టిలోకి మార్చండి. గప్పీలకు కూడా ఇంకో చోటు చూడండి. తర్వాత ట్యాంకును సర్దండి. మూడు వారాలు ఆగి అప్పుడు తోడు సంగతి ఆలోచించండి. షాపతను చెప్పిన మాటలో కొంత నిజం ఉంది, ఆ సంగతికి కింద వస్తాను. కానీ ట్యాంకు ఇప్పుడున్నట్టే ఉంటే ఆ సలహా వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ.

నేను కాకినాడలో ఉంటాను. 2004 నుంచి కిల్లీలు పెంచుతున్నాను, ఎక్కువగా అడుగు, అడుగున్నర, రెండడుగుల ట్యాంకుల్లోనే. కింద రాసేవన్నీ ఆ చిన్న ట్యాంకుల దగ్గర కూర్చుని చూసినవి, కొన్ని చేపలు పోగొట్టుకుని తెలుసుకున్నవి.

పేరు గురించి చాలామంది అడుగుతారు కాబట్టి ఒక మాట. కిల్లీ అనగానే కొందరు ఇది మిగతా చేపల్ని చంపేస్తుందని భయపడతారు. ఇంగ్లిష్‌లో చంపడం అనే మాటకూ దీనికీ సంబంధం లేదు. డచ్ భాషలో 'కిల్' అంటే చిన్న కాలువ, పాయ. కాలువల్లో ఉండే చేప అని ఆ పేరు వచ్చింది. ఇందులో వెయ్యికి పైగా జాతులున్నాయి. మీ దగ్గరున్న గార్డ్‌నేరి నైజీరియా, కామెరూన్ ప్రాంతాల చిన్న వాగుల చేప. మగది రెండున్నర అంగుళాల దాకా పెరుగుతుంది, నీలి ఒంటి మీద ఎర్ర చుక్కలుంటాయి. ఆడది కాస్త చిన్నది, మట్టిరంగులో ఉంటుంది.

ఈ చేప ఎలాంటి నీళ్లలో పుట్టిందో ఊహించుకుంటే మీ ట్యాంకులో దాని కష్టం అర్థమవుతుంది. చెట్ల నీడ, జానెడు లోతు కూడా లేని వాగు అంచు, నీళ్లలోకి దిగిన వేళ్లు, అడుగున రాలిన ఆకుల పొర. అక్కడ అది ఒక ఆకు కింద కదలకుండా నిలబడి, నీటి మీద పడిన పురుగు కోసం చూస్తూ ఉంటుంది. పైనుంచి ఏ పిట్ట వచ్చి ఎత్తుకుపోతుందో అన్న భయం దానికి పుట్టుకతో ఉంది. మన కాలువల మీద లకుముకిపిట్ట ఎలా దిగుతుందో చూసినవాళ్లకు ఈ భయం ఎంత సబబో తెలుస్తుంది. అలాంటి చేపను తెల్లటి గులకరాళ్ల మీద, నెత్తి మీద ఏ అడ్డూ లేని చోట, నాలుగు వైపులా గాజు ఉన్న పెట్టెలో వదిలాం. ఫిల్టరు పైపు ఒక్కటే దానికి దొరికిన నీడ.

అందుకే నేను కొత్తవాళ్లకు ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది: దాక్కోవడానికి ఎంత ఎక్కువ చోటిస్తే కిల్లీ మీకు అంత ఎక్కువగా కనిపిస్తుంది. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ, నా ట్యాంకుల్లో ప్రతిసారీ ఇదే జరిగింది. పక్కనే చాటు ఉందని తెలిసిన చేప ధైర్యంగా ముందుకొస్తుంది. చాటే లేని చేప ఉన్న ఒక్క మూలనూ వదలదు.

అయితే దాక్కున్న ప్రతి కిల్లీ ఒకే కారణంతో దాక్కోదు. టార్చి పట్టుకోకుండా, దూరంగా కుర్చీ వేసుకుని పావుగంట చూడండి. ఆకు కిందో పైపు పక్కనో నీటి పై భాగంలో కదలకుండా ఉండి, రెక్కలు విప్పి, రంగులు మెరుస్తూ ఉంటే అది భయం కాదు, మేత కోసం అది సహజంగా కాపు కాసే తీరు. పిల్లి కిటికీలో కూర్చున్నట్టు. దాన్ని మార్చాల్సిన పని లేదు. అడుగున మూలలో నక్కి, రంగు వెలిసినట్టు ఉండి, మీరు కదిలితే గాజుకు గుద్దుకుంటూ పరిగెడితే అది భయం. మీరు రాసినదాన్ని బట్టి మీ చేపలది ఇదే.

మూడోది జబ్బు, దీన్ని మాత్రం బెరుకనుకుని వదిలేయకూడదు. రెక్కలు ఒంటికి అంటుకుపోయి, మొప్పలు గబగబా కొట్టుకుంటూ, ఒళ్లు రాయికో ఆకుకో రుద్దుకుంటుంటే గది చీకటి చేసి టార్చిని పక్క నుంచి ఏటవాలుగా వేసి చూడండి. ఒంటి మీద పసుపు, బంగారు రంగు పొడి చల్లినట్టు కనిపిస్తే అది వెల్వెట్ అనే పరాన్నజీవి. కిల్లీలకు ఇది తొందరగా సోకుతుంది, చిన్న ట్యాంకులో మరీ వేగంగా పాకుతుంది. అప్పుడు తోడు సంగతి పక్కన పెట్టి ముందు దానికి వైద్యం చేయాలి. నీళ్ల పరీక్ష కూడా ఒకసారి చేయించండి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషాలు అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. కొత్త ట్యాంకులో చేప మూలన ఉండడానికి చాలాసార్లు అసలు కారణం ఇదే.

ఇక ట్యాంకు సర్దడం. ఇది ఎంత బాగా చేస్తే మీ ప్రశ్నలో అంత భాగం తీరిపోతుంది, కాబట్టి దీని గురించే కాస్త ఎక్కువ రాస్తాను.

మొదట పైకప్పు. కిల్లీకి అడుగున గుహ కన్నా నెత్తి మీద నీడ ముఖ్యం. నీటి మీద తేలే మొక్కలు సగం నుంచి మూడింట రెండు వంతులు కప్పాలి. అంతరతామర మన చెరువుల్లో దొరుకుతుంది, దాని వేళ్లు కుచ్చుల్లా కిందికి వేలాడతాయి, కిల్లీలకు అవంటే ప్రాణం. చెరువు నుంచి తెస్తే మాత్రం బాగా కడిగి రెండు వారాలు వేరే బకెట్లో ఉంచి వేయండి. లేకపోతే జలగలు, తూనీగ పిల్లలు వాటితో పాటే వస్తాయి. తూనీగ పిల్ల చిన్న చేపల్ని పట్టి తింటుంది. చెరువు మొక్క వద్దనుకుంటే షాపులో హార్న్‌వర్ట్ అడగండి. పాతాల్సిన పని లేదు, వదిలేస్తే తేలుతూ గుబురుగా పెరుగుతుంది. మేత వేయడానికి ముందువైపు అరచేయంత చోటు ఖాళీగా ఉంచండి. చేప ఆ కిటికీని వారంలో గుర్తుపడుతుంది.

తర్వాత అడుగు, వెనక. తెల్లరాళ్లు తీసేసి నల్ల ఇసుకో ముదురు రంగు సన్నరాయో వేయండి. వెనకా, రెండు పక్కలా బయటి నుంచి నల్ల చార్టు అంటించండి. పది రూపాయల పని, కానీ తేడా రెండు రోజుల్లో కనిపిస్తుంది. గాజులో తన నీడను చూసి రెచ్చిపోయే మగచేప కూడా శాంతిస్తుంది. తెల్ల అడుగు మీద కిల్లీ ఒంటి రంగు వెలిసిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. అదే చేపను నల్ల ఇసుక మీదికి మారిస్తే మూడో రోజుకు రంగు తిరిగొస్తుంది.

బాదం ఆకులు వేయండి. మన వీధుల్లో గొడుగులా పెరిగే బాదం చెట్టు ఆకులే, జీడిపప్పు పక్కన అమ్మే బాదం కాదు. చెట్టు నుంచి తానుగా రాలి, ఎండి, గోధుమ రంగుకు తిరిగిన ఆకే కావాలి. పచ్చిది వద్దు. బస్సులు తిరిగే రోడ్డు పక్కది, మందు కొట్టిన తోటది వద్దు. కడిగి, పది నిమిషాలు మరిగించి చల్లారాక వేస్తే త్వరగా మునుగుతుంది. మీ ట్యాంకుకు రెండాకులు చాలు, నాలుగు వారాలకు చివికిపోతాయి, మళ్లీ వేయాలి. నీళ్లు పలచటి టీ డికాషన్ రంగుకు వస్తాయి. ఇంట్లోవాళ్లు నీళ్లు మురికిగా ఉన్నాయంటారు, చెప్పి ఒప్పించండి. ఆ రంగు నీళ్లలో వెలుతురు మెత్తబడుతుంది, అడుగున ఆకు పొర ఏర్పడుతుంది, కిల్లీ పుట్టిన వాగు లాంటిదే తయారవుతుంది.

ఫిల్టరు. టాప్ ఫిల్టరు మోటారు నీటిని కుండపోతగా వదులుతుంది. కిల్లీ నిలకడ నీటి చేప, ఆ ధారకు ఎదురీదుతూ అలిసిపోతుంది, ధార తగలని మూల వెతుక్కుంటుంది. అది తీసేసి గాలి మోటారుతో నడిచే స్పాంజ్ ఫిల్టరు పెట్టండి, బుడగలు నెమ్మదిగా వచ్చేలా వాల్వు తిప్పండి. పాత ఫిల్టరులోని స్పాంజిని రెండు మూడు వారాలు ట్యాంకులోనే ఒక మూల ఉంచండి, అందులో ఉన్న మంచి బాక్టీరియా కొత్తదానికి చేరుతుంది.

లైటు విషయంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. చీకటి గదిలో ట్యాంకు లైటు ఒక్కసారిగా వేయడం. కిల్లీ అదిరిపడి ఎగురుతుంది. ముందు గది లైటు వేసి, పది నిమిషాల తర్వాత ట్యాంకు లైటు వేయండి. ఇంకొకటి, సీలింగ్ ఫ్యాను. మా పాత ఇంట్లో ఒక ట్యాంకు సరిగ్గా ఫ్యాను కింద ఉండేది. ట్యూబులైటు పైన, ఫ్యాను దాని కింద, రెక్కల నీడ నీటి మీద అదే పనిగా కొట్టుకునేది. అందులోని చేపలు నెల రోజులైనా కుదురుకోలేదు. ట్యాంకును గోడ వైపు నాలుగడుగులు జరిపాక వారంలో బయటికి వచ్చాయి. మీ హాల్లో ఒకసారి పైకి చూడండి. టీవీ పక్కన, తలుపు పక్కన ఉన్నా జరపండి.

మూత. ఇది తప్పనిసరి. గార్డ్‌నేరి రెండు వేళ్లు పట్టే సందులోంచి కూడా దూకగలదు. గాలి పైపు వెళ్లడానికి వదిలిన సందులోంచి దూకి టేబులు వెనక ఎండిపోయిన చేపను నేను తెల్లవారి తీసిన రోజు ఇప్పటికీ బాధే. కిటికీలకు కొట్టే దోమల మెష్‌ను చెక్క చట్రానికి బిగించి మూతగా వాడుతున్నాను. గాలి ఆడుతుంది, ఎండాకాలం పైన చిన్న ఫ్యాను పెట్టుకోవచ్చు, చేప బయట పడదు.

మగది ఆడదాన్ని తరమడం గురించి. కిల్లీల్లో మగది రోజంతా జత కట్టాలని చూస్తుంది. వాగులో ఆడది తప్పించుకుని పోతుంది, అడుగున్నర పెట్టెలో ఎక్కడికి పోతుంది? అందుకే ఒక జత కన్నా ఒక మగ, రెండో మూడో ఆడ ఉండడం మేలు. తరుము అందరి మీదా పంచుకుపోతుంది. ఆడవి వెంటనే దొరకవు కాబట్టి ఈలోగా ఒక ఊలు కుచ్చు చేసి వేలాడదీయండి. ముదురు ఆకుపచ్చ లేదా నల్ల ఊలు తీసుకుని, రంగు దిగకుండా ముందే మరిగించి, జానెడు పొడవున నలభై యాభై పోగులు కట్టి, పైన చిన్న థర్మోకోల్ ముక్క బిగిస్తే తేలుతుంది. ఆడది అందులో దూరితే మగదానికి కనిపించదు. గుడ్లు కూడా అందులోనే పెడతాయి. ఆడదాని తోక చిరిగి, పొలుసులు ఊడి ఉంటే మాత్రం రెండు వారాలు వేరే ఉంచి మేపండి. గార్డ్‌నేరి మగది చాటులేని ట్యాంకులో ఆడదాన్ని చంపేంత వరకూ వెళ్తుంది.

రెండు మగవాటిని కలిపి పెట్టవద్దు. "టెట్రాల్లాగా గుంపుగా ఉంటే ధైర్యం వస్తుంది కదా" అని కొందరు ఇంకో మగది తెస్తారు. గార్డ్‌నేరి గుంపు చేప కాదు. రెండింటిలో ఓడింది శాశ్వతంగా మూలన పడుతుంది.

మేత. మీ చేపలు పెల్లెట్లు ముట్టకపోవడం వింత కాదు. కదిలేది మాత్రమే తిండి అని వాటికి తెలుసు. మొదటి రెండు మూడు వారాలు బతికున్న మేతే ఇవ్వండి. దోమ పిల్లలు అన్నింటికన్నా మంచివి. ఒక బకెట్లో నీళ్లు, రెండు ఎండుటాకులు వేసి బాల్కనీలో పెడితే నాలుగు రోజుల్లో వస్తాయి. కానీ ఒక జాగ్రత్త: ఆ పురుగు వారం పది రోజుల్లో దోమవుతుంది. పురుగులు కనిపించగానే బకెట్ మీద మెష్ కట్టాలి, రోజు విడిచి రోజు మొత్తం వడకట్టి తీసేయాలి. డెంగీ ఉన్న ఊళ్లో మన సరదా కోసం పక్కింటివాళ్లకు ప్రమాదం తేకూడదు. అంత శ్రద్ధ పెట్టలేమనుకుంటే ఆ పని మొదలుపెట్టవద్దు, డాఫ్నియా అనే సన్న నీటిపురుగుల్ని పెంచుకోండి, లేదా గడ్డకట్టించిన బ్లడ్‌వార్మ్ (ఎర్ర పురుగులు) కొనండి. మా కోస్తాలో రొయ్య హేచరీల వల్ల ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే రొయ్య లాంటి సన్న జీవి) గుడ్ల డబ్బాలు తెలియనివాళ్లు లేరు. హైదరాబాద్‌లోనూ మంచి షాపుల్లో అడిగితే దొరుకుతాయి.

మేత పెట్టే తీరుతోనే బెరుకు సగం పోతుంది. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, కొంచెం కొంచెం. గిన్నెడు ఒకేసారి పోయకండి. నాలుగు పురుగులు వేసి, కదలకుండా అక్కడే కూర్చోండి. మొదటి రోజు మీరు వెళ్లాకే తింటుంది. వారం తర్వాత మీరు ఉండగానే మెల్లగా వస్తుంది. మూడో వారానికి మీ చేయి మూత మీద పడగానే కిటికీ కింద నిలబడి ఉంటుంది. నా దగ్గర రెండేళ్లు బతికిన ఒక గార్డ్‌నేరి మగది పట్టకారుతో పట్టుకున్న పురుగును నీటిపైకి ఎగిరి లాక్కునేది. అదీ మొదట ఇరవై రోజులు నాకు కనిపించని చేపే. అలవాటయ్యాక బతికున్న మేతతో పాటు సన్న పెల్లెట్లు రెండు కలిపి వేయడం మొదలుపెట్టండి, చాలావరకు నేర్చుకుంటాయి.

ఇప్పుడు తోడు. షాపతను చెప్పినదాంట్లో నిజం ఇది: ట్యాంకు మధ్యలో చిన్న చేపల గుంపు ఒకటి నిశ్చింతగా తిరుగుతుంటే, అది చూసి బెరుకు చేప ప్రమాదం లేదనుకుని బయటికి వస్తుంది. పెంపకందార్లు ఇది చాలాకాలంగా వాడుతున్న పద్ధతే. కానీ ఆ గుంపు నెమ్మదైనది కావాలి, మధ్య నీళ్లలో ఉండేది కావాలి, కిల్లీ నోట్లో పట్టనిది కావాలి, కిల్లీ మేతను క్షణంలో ఊడ్చేయనిది కావాలి. ఈ నాలుగిట్లో ఒకటి తప్పినా బెరుకు పెరుగుతుందే గానీ తగ్గదు. జీబ్రా డానియోలను చూడండి. శాంతమైనవే, మన దేశపు చేపలే, కానీ ఒక్క క్షణం ఆగవు. ఆ పరుగులకు కిల్లీ ఆకు కింది నుంచి రాదు, వచ్చేలోగా మేత ఉండదు.

మీ గార్డ్‌నేరికి నేనైతే ఆరు హార్లెక్విన్ రాస్బోరాలు, లేదా ఎనిమిది ఎంబర్ టెట్రాలు వేస్తాను. రెండూ కలిపి వద్దు. అడుగున్నర ట్యాంకులో రాళ్లూ ఇసుకా పోను నికరంగా పట్టేవి ముప్పై అయిదు లీటర్ల నీళ్లే. హార్లెక్విన్‌కు ఒడ్డూ పొడుగూ ఉంటుంది, కిల్లీ దాని జోలికి పోదు. ఎంబర్లు చిన్నవి, కాబట్టి పిల్లలు కాకుండా పూర్తిగా పెరిగినవే వేయాలి. అడుగున కావాలంటే పిగ్మీ కోరిడోరాస్ (కోరీలు) ఆరు. ఒక్క అంగుళం చేప, ఇసుక మీద తన పని తాను చూసుకుంటుంది. గులకరాళ్ల మీద దాని మీసాలు అరిగిపోతాయి, కాబట్టి ఇసుక ఉంటేనే. అయితే రాస్బోరాలు గానీ కోరీలు గానీ, ఏదో ఒక గుంపే. ఏది తెచ్చినా రెండు మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచి చూసి తర్వాతే కలపండి.

వద్దన్నవి ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి. బెట్టా కూడా నీటి పై భాగం చేపే. రెండూ ఒకే నీడ కోసం పోటీ పడతాయి, మొప్పలు విప్పి బెదిరించే బెట్టా ముందు కిల్లీ ఎప్పటికీ కుదురుకోదు. కొన్నిసార్లు కిల్లీయే బెట్టా తోక కొరుకుతుంది. మగ గప్పీ పొడవైన రంగుల తోకను కిల్లీ ఇంకో మగ కిల్లీ అనుకుని వెంటపడుతుంది, గప్పీ పిల్లలు ఎలాగూ మిగలవు. టైగర్ బార్బులు, ఏంజెల్‌లు అసలు తలవకండి. దోమల నివారణకు చెరువుల్లో వదిలే గంబూసియాను ఎవరో ఉచితంగా ఇచ్చారని వేసేవాళ్లున్నారు. అది పక్క చేపల రెక్కలు కొరికి కొరికి పెడుతుంది, ఏ చిన్న చేపకూ తోడుగా పనికిరాదు.

నోటి కొలత మాట తేలిగ్గా తీసుకోవద్దని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను మొదటి సంవత్సరం ఒక గోల్డెన్ వండర్ కిల్లీని తెచ్చి, ఎనిమిది నియాన్ టెట్రాలున్న రెండడుగుల ట్యాంకులో వేశాను. అప్పటికి అది రెండంగుళాలే. నాలుగు నెలలు బాగానే ఉన్నాయి. తర్వాత రోజుకొకటి చొప్పున నియాన్లు తగ్గుతూ వచ్చాయి, చచ్చినవి కనిపించవు. ఒక రాత్రి చూస్తే నియాన్ తోక దాని నోట్లోంచి బయటికి ఉంది. ఈ చేప మన పడమటి కనుమల వాగుల్లో ఉండే చారల పాంచాక్స్‌కు బంగారు రంగు రూపం, నాలుగంగుళాల దాకా పెరుగుతుంది, తల సగం నోరే. తెచ్చిన రోజు కొలత చూసి తోడు ఎంచకూడదని ఆ ఎనిమిది చేపలు పోయాక నేర్చుకున్నాను.

ఇది చదివే ఇంకొందరి దగ్గర వేరే కిల్లీలు ఉండొచ్చు కాబట్టి వాటి గురించి కొంచెం. క్లౌన్ కిల్లీ అని అమ్మే చారల చిన్న చేప పశ్చిమ ఆఫ్రికాలోని గినీ, సియెర్రా లియోన్, లైబీరియాల నుంచి వచ్చింది. అంగుళంన్నరే. అడుగు ట్యాంకుకు నాకు తెలిసిన కిల్లీల్లో ఇదే మేలు. దీన్ని మాత్రం ఆరేడు కలిపి గుంపుగానే పెట్టాలి. చిల్లీ రాస్బోరాలు, పిగ్మీ కోరీలు, చెర్రీ రొయ్యలు అన్నీ దీనితో సరిపోతాయి, ఎందుకంటే దీని నోరు అంత చిన్నది. గాబన్ నుంచి వచ్చిన ఆస్ట్రేల్, తోక చివర తెల్ల కొసలుండేది, గార్డ్‌నేరి కన్నా మెతక, బెరుకు కూడా ఎక్కువ. దానికి తోడు లేకపోవడమే మంచిది. దగ్గరి పోలికలున్న రెండు జాతుల కిల్లీలను కలిపి పెట్టవద్దు, వాటి ఆడవి ఒకేలా ఉంటాయి, సంకరమైతే ఆ రెండు జాతులూ పాడవుతాయి. నోథోబ్రాంకియస్ అనే ఏడాది కిల్లీలు తూర్పు ఆఫ్రికా వానగుంటల చేపలు. కొన్ని వారాల్లోనే గుడ్లు పెట్టే వయసుకు వచ్చి, గుంట ఎండేలోగా బతుకు ముగించుకుంటాయి. వాటి గుడ్లు బురదలో తర్వాతి వానకు ఎదురుచూస్తాయి. వాటిని వాటికే వదిలేయాలి, వేరే చేపలతో కలపకూడదు.

మన సొంత కిల్లీ సంగతి చెప్పకుండా ఉండలేను. చిన్నప్పుడు కోనసీమ కాలువ గట్టున కూర్చుంటే నీటి అంచున నెత్తి మీద తెల్లచుక్క మెరిసే చిన్న చేపలు కనిపించేవి. పైనుంచి చూస్తే చేప కనిపించదు, చుక్క ఒక్కటే కనిపిస్తుంది. అది నీలి పాంచాక్స్. 1822లో హామిల్టన్ అనే శాస్త్రవేత్త గంగానది చేపల మీద రాసినప్పుడు దాని బెంగాలీ పేరునే శాస్త్రనామంలోకి తీసుకున్నాడు, ప్రపంచమంతా కిల్లీ పెంపకందార్లు ఇప్పటికీ ఆ మాటే వాడుతున్నారు. దోమ పిల్లల్ని తినడంలో దీనికి సాటి లేదు. మన ఎండకు తట్టుకుంటుంది, మన బోరు నీటికీ పెద్దగా ఇబ్బంది పడదు. రెండడుగుల ట్యాంకులో ఆరు పెడితే ఎంత అందంగా ఉంటాయో చెప్పలేను. ఆఫ్రికా చేప కోసం వెతికే ప్రతి ఒక్కరూ ఒకసారి దీన్ని పెంచి చూడాలని నా కోరిక.

ఎండ మాట వచ్చింది కాబట్టి మీకు ఒక హెచ్చరిక. గార్డ్‌నేరికి 22 నుంచి 26 డిగ్రీలు హాయి. హైదరాబాద్ ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో ట్యాంకు నీళ్లు 31 దాటిపోతాయి. అప్పుడు చేప అడుగున పడి ఉంటుంది, మళ్లీ బెరుకు వచ్చిందనుకుంటారు. మెష్ మూత మీద చిన్న టేబుల్ ఫ్యాను నీటిపైకి తిప్పి పెడితే మీ పొడి గాలిలో మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. మా కాకినాడ ఉక్కపోతలో అంత తగ్గదు. ఆవిరైన నీటికి బదులు బోరు నీళ్లు పోస్తూ పోతే ఉప్పులు పేరుకుంటాయి, అందుకు ఆర్‌ఓ నీళ్లు గానీ పట్టి ఉంచిన వాన నీళ్లు గానీ వాడండి. లైటు గంటలు కూడా తగ్గించండి.

చివరగా మీరు అడిగిన రొయ్యలు. పెరిగిన చెర్రీ రొయ్యలు జావా మాస్ అనే నాచు లాంటి మొక్క దట్టంగా ఉంటే గార్డ్‌నేరితో బతుకుతాయి. పిల్లలు చాలావరకు మేతైపోతాయి, కొన్ని మాస్‌లో మిగులుతాయి. రొయ్యల పెంపకమే మీ ఆశ అయితే దానికి వేరే ట్యాంకు కావాలి. ఖరీదైన క్రిస్టల్ రొయ్యలు అసలు వద్దు. నత్తలు నిరభ్యంతరంగా వేయొచ్చు, నెరైట్ అయినా రామ్స్‌హార్న్ అయినా. అవి గాజు మీద నాచు తింటాయి, వాటిని చూసి కిల్లీ భయపడదు.

ట్యాంకు సర్దిన రెండు మూడు వారాలకు ఊలు కుచ్చును బయటికి తీసి, మెల్లగా పిండి, వెలుతురులో పోగులు విడదీసి చూడండి. ఆవగింజ కన్నా చిన్నగా, గాజుపూసల్లా మెరిసే గుడ్లు కనిపిస్తే మీ చేపలు కుదురుకున్నట్టే. ఆ గుడ్లు గట్టిగా ఉంటాయి, వేళ్లతో తీసినా చితకవు. తెల్లబడినవి పారేసి, మిగతావి ట్యాంకు నీళ్లతోనే ఒక మూత డబ్బాలో, చిన్న బాదం ఆకు ముక్కతో పాటు నీడలో ఉంచి, డబ్బా మీద తేదీ రాయండి. రెండు నుంచి మూడు వారాల్లో పిల్లలు వస్తాయి, మొదటి రోజు నుంచే అప్పుడే పొదిగిన ఆర్టీమియా తినగలవు. అప్పుడు ఫోటోలు పెట్టండి, మేత ఎంత వేయాలో చెప్తాను.